ఎర్రముల్లు నిలిచిన చోట

మేడమ్ పోయారని ఆమె తమ్ముడు ఫోన్ చేసినప్పుడు నేను మాధవరంలో, మా ల్యాబులో, ఒక ఇనుపచువ్వను మెషీన్ దవడల మధ్య బిగిస్తున్నాను. "అక్క పోయిందిమ్మా. కాఫీ అడిగింది. కలిపి తెచ్చేలోపల పోయింది" అన్నాడాయన. వస్తున్నానండీ అని ఫోన్ పెట్టేశాను. కానీ బిగించిన చువ్వను అలా వదిలేసి పోవడానికి కాళ్ళు రాలేదు. దాన్ని లాగి, తెగాక ముక్కలకు దారం కట్టి, చీటీ అంటించి పక్కన పెట్టి, అప్పుడు చింతాద్రిపేట బయల్దేరాను. పని సగంలో వదిలేసి ఏడ్చుకుంటూ వచ్చానని తెలిస్తే మేడమ్ పాడె మీద నుంచి లేచి తిట్టేవారు.

నన్ను ఈ నాలుగు మాటలు రాయమన్నవాళ్ళు ఆమె మంచితనం గురించి రాయమన్నారు. పోయినవాళ్ళంతా మంచివాళ్ళయిపోవడం మన దగ్గర ఆనవాయితీ. రాస్తాను, ఆమె మంచిదే. కానీ ముందే చెప్పేస్తున్నాను, నేను కోపంతో రాస్తున్నాను. ఆమెకు జరిగింది నేను మర్చిపోలేదు, మర్చిపోయే ఉద్దేశమూ లేదు. ఇలా రాస్తే ఆమె ఆత్మ క్షోభిస్తుందని ఎవరైనా అంటే నాకు నవ్వొస్తుంది. పగ పట్టడం నేను నేర్చుకున్నదే ఆమె దగ్గర.

మా పని గురించి చెబితే చాలామంది వింతగా చూస్తారు. మేం విరగ్గొడతాం. ఇనుము, అల్యూమినియం, గాజుపీచును జిగురుతో కలిపి పోసిన ఫైబరు, ఏదైనా సరే, తయారుచేసినవాళ్ళు తెచ్చిన సరుకులోంచి ఒక ముక్క కోసి, దాని రెండు కొసలూ మెషీన్ దవడలకు అందించి, తెగేదాకా లాగుతాం. ఎంత బలానికి తెగిందో రాసి సంతకం పెడతాం. ఆ సంతకాన్ని నమ్మి మీరు వంతెన దాటుతారు, లిఫ్టులో నిలబడతారు, నిచ్చెన మీద కాలు పెడతారు.

కంప్యూటర్ తెరలున్న కొత్త మెషీన్లు మా దగ్గర లేకపోలేదు. మేడమ్ ప్రాణం మాత్రం మూలనున్న పాత మెషీన్ మీద ఉండేది. దానికి గోడగడియారం కంటే పెద్ద డయలు, అందులో రెండు ముళ్ళు. లాగే బలం పెరిగేకొద్దీ నల్లముల్లు పైకి పోతూ, ఎర్రముల్లును తన ముందు తోసుకుంటూ పోతుంది. ముక్క తెగగానే నల్లముల్లు సున్నాకు పడిపోతుంది. ఎర్రముల్లు తాను చేరిన చోటే నిలబడిపోతుంది. ఎవరైనా చేత్తో వెనక్కి తిప్పేదాకా అది కదలదు. మేం చదివేది దాన్నే.

నేను ఉద్యోగంలో చేరిన రోజు మేడమ్ ఆ మెషీన్ ముందే స్టూలు వేసుకుని పెరుగన్నం తింటున్నారు. ఆమెవాళ్ళు తరతరాలుగా ఈ తమిళ నగరంలో, చింతాద్రిపేటలో ఉన్న తెలుగువాళ్ళు. నేను ఒంగోలు నుంచి కొత్తగా దిగినదాన్ని. ఆమె మాట నాకు సగం తెలుగులా, సగం తమిళంలా వినబడింది.

"ఒంగోలా? ఆడి ఎద్దులు రొంబ గట్టివంటారే. మనుషులెట్లో చూద్దాం పా" అన్నారు.

చూడటమంటే, ఆ మెషీన్ వాల్వు నా చేతికివ్వడం. లాగే వేగమంతా ఆ వాల్వులోనే ఉంటుంది. నేను గబుక్కున తిప్పాను. నల్లముల్లు ఉలిక్కిపడి ఎగిరింది, ఎర్రముల్లును కూడా ఎగరేసుకుపోయింది. ముక్క ఠపీమని తెగింది. ఎంత బలమో అని నేను మురిసిపోతుంటే ఆమె చెంచా కింద పెట్టారు.

"ఏమ్మే, నీళ్ళ కొళాయా అది? అట్ల తిప్పితే ముల్లు బెదిరి దుముకుతాది. ఆడ నిలబడిండేది ముక్క బలం కాదు, నీ తొందర. కొంజం కొంజంగా తిప్పాల."

అదే రకం ముక్కను ఆమె మళ్ళీ లాగి చూపించారు. ముల్లు పాకుతున్నట్టు పైకి పోయి, నేను చూపించినదానికంటే బాగా కింద ఆగిపోయింది. "ముక్కకి అబద్ధం తెలీదు. చెప్పేదంతా లాగేవాడే" అన్నారు. ఈ మాట గుర్తుపెట్టుకోండి. నా కోపమంతా దీని చుట్టూనే ఉంది.

ఫైబరును ఆమె ఇనుమంత నమ్మేవారు కాదు. "ఇనుము మర్యాదస్తురాలు. పోయేముందు నడుం సన్నబడతాది, పోతాండానని చెప్పి పోతాది. ఫైబరుకి ఆ మర్యాద లేదు. పైన నున్నగా నవ్వతానే ఉంటాది, లోపల పొరలు ఊడిపోయి ఉంటాయి" అనేవారు. అందుకే ఆమె జాకెట్టు మడతలో ఎప్పుడూ ఒక పాత రూపాయి బిళ్ళ ఉండేది. దాంతో ఫైబరు పలక మీద తడుతూ చెవి ఒగ్గి వినేవారు. మంచి చోట కంగుమంటుంది, పొర విడిన చోట మొద్దుగా పలుకుతుంది. ఆ అలవాటు ఆమెను బజారులో కూడా వదల్లేదు. కొబ్బరికాయల కొట్టువాడు, కాయలు కొట్టి చూడొద్దని తమిళంలో అరుస్తూనే ఉండేవాడు. మా జనరల్ మేనేజరు గారు కొత్త టేబుల్ చేయించుకున్నప్పుడు ఆమె దాన్నీ తట్టి చూసి, "పైన టేకు, లోపల పొట్టు. సరి, మనిషికి తగినట్టే ఉండాది" అన్నారు. ఆయన విన్నారు. అందరితో పాటు నవ్వారు కూడా.

ఇంకో పట్టింపు. విరిగిన ముక్కలను మళ్ళీ ఒకదానికొకటి ఆనించి చూడకూడదు. చూసిన ప్రతివాడికీ చెయ్యి అటే పోతుంది, రెండూ ఎలా అతుకుతాయో చూద్దామని. కానీ ఎలా విరిగిందో చెప్పేవి ఆ తెగిన మొహాలే. కలిపితే అవి ఒకదానికొకటి రాచుకుని చెప్పాల్సింది చెరిగిపోతుంది. "విరిగినాక మొహాలు కలపగూడదు" అంటూ ఆమె ఎంత పెద్దవాళ్ళ చేతిమీదైనా ఒక్కటేసేవారు. సరుకు కొనే సంస్థ తరఫున వచ్చే ఇన్‌స్పెక్టరు గారు తమిళాయన. ఆయన మొదట్లో ఇలాంటి దెబ్బలు చాలా తిన్నారు. ఆ తర్వాత ఆయనకు ఆమె మాటంటే వేదం.

ఇక పగ సంగతి. చింతాద్రిపేటలో ఒక కాఫీపొడి కొట్టువాడు ఒకసారి ఆమెకు చికోరీ ఎక్కువ కలిపిచ్చాడు. అడిగితే, మీ నాలుకే బాగాలేదన్నాడు. ఆమె ఒక్క మాట అనలేదు. ఆ వారం నుంచి వేరే కొట్లో పొడి కొనుక్కుని, పనిగట్టుకుని చుట్టు తిరిగి, ఆ పొట్లం పైకి కనబడేలా పట్టుకుని వాడి కొట్టు ముందు నుంచి నడిచేవారు. ఏళ్ళ తరబడి నడిచారు. వాడు చచ్చేదాకా నడిచారు. ఎందుకు మేడమ్ అంత ఓపిక అని నేనడిగితే, "కోపం కూడా వాల్వు మాదిరే మే. గబక్కని తెరిస్తే తప్పు నంబరు వస్తాది" అన్నారు.

నిచ్చెనల సరుకు వచ్చింది ఆ తర్వాతే. కరెంటు స్తంభాలెక్కే పనివాళ్ళ కోసం చేసిన ఫైబరు నిచ్చెనలు. చేసిన కంపెనీ మా ల్యాబుకు పెద్ద ఖాతాదారు. మేడమ్ నిచ్చెన కాలును బిళ్ళతో తట్టగానే మొహం చిట్లించారు. ముక్క కోసి నెమ్మదిగా లాగారు. ఎర్రముల్లు ఉండాల్సిన గీతకు చాలా కింద ఆగిపోయింది. పనికిరాదని రాసి సంతకం పెట్టారు.

జనరల్ మేనేజరు గారు వచ్చారు. మా పక్క జిల్లా నుంచి వచ్చిన మనిషే, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. ఇన్‌స్పెక్టరు గారిని కాఫీకి పంపించి, చొక్కా చేతులు మడిచి, మేడమ్‌ను పక్కకు జరగమని, ఇంకో ముక్క తానే బిగించి వాల్వు బార్లా తెరిచారు. ముల్లు దూకింది. ఎర్రముల్లు గీత దాటి నిలబడింది. "చూశారా, ఎంత చక్కగా పాసయ్యిందో" అన్నారు.

"అలా తెరవకూడదు సార్, అది తప్పు" అన్నాను నేను.

"నువ్వు కొన్నాళ్ళు సిమెంటు దిమ్మల వైపు చూసుకోమ్మా" అన్నారాయన. ఆ మధ్యాహ్నమే ఆయన నంబరుతో కొత్త కాగితం తయారైంది, నన్ను వెనక షెడ్డుకు తోలారు.

మేడమ్ ఊరుకోలేదు. కానీ ఆమెకు అంతకుముందే కంటి ఆపరేషన్ అయింది. అది ఆయనకు బంగారంలా దొరికింది. "పాపం మేడమ్‌కి చూపు ఆనట్లేదు. దవడల్లోంచి ముక్క జారింది, పాపం గమనించలేదు" అని కనబడినవాళ్ళందరికీ చెప్పారు. తిడితే జనం ఆమె పక్షాన నిలబడేవాళ్ళేమో. పాపం అనేసరికి అందరూ తలలూపారు. ఆ పాపం అనే మాటను నేను ఈనాటికీ క్షమించలేదు. తర్వాత ఆమెను విశ్రాంతి తీసుకోమన్నారు. ఒక సభ పెట్టి, జనరల్ మేనేజరు గారే స్వయంగా శాలువా కప్పి, పళ్ళు చేతిలో పెట్టి సాగనంపారు. మర్నాటి నుంచి గేటు దగ్గర ఆమెను లోపలికి రానివ్వలేదు.

ఆ శాలువాను మేడమ్ తన గుమ్మం ముందు కాళ్ళు తుడుచుకోవడానికి వేశారు. ఇంటికెవరు పోయినా, "బాగా తుడుచుకోండి, రొంబ మంచి శాలువా" అనేవారు.

వానాకాలంలో వాషర్‌మెన్‌పేట్‌లో ఒక లైన్‌మన్ స్తంభం ఎక్కుతుంటే నిచ్చెన కాలు విరిగింది. చెప్పకుండా విరిగింది, ఆమె చెప్పినట్టే. అతని తుంటి ఎముక పోయింది. నిచ్చెన మంచిదేనని మా ల్యాబు కాగితం చెబుతోంది కాబట్టి, తప్పు అతనిదే అన్నారు. తడి చెప్పులతో ఎక్కాడన్నారు, తాగాడేమో అని కూడా అన్నారు. మేడమ్ ఆసుపత్రికి పోయి అతన్ని చూసి వచ్చారు. ఇంటికొచ్చాక అన్నం తినలేదు. "తాగలేదు మే ఆయన. ఆ నిచ్చెనే. నా మాట నిలబడుంటే ఆయన కాలు నిలబడుండు" అన్నారు. అంతవరకూ అది ఆమె పరువు సంగతి. ఆ రోజుతో అది అతని సంగతి కూడా అయింది. ఆ మాట తప్పు కాదని తేలితే తప్ప అతని మీద పడ్డ మచ్చ పోదు.

తేల్చడానికి ఒకే దారి ఉంది. మా దగ్గర ఒక పద్ధతుంది. వచ్చిన ప్రతి సరుకులోంచీ ఒక ముక్క ఎక్కువ కోసి, లాగకుండా సంచీలో పెట్టి సీలు వేసి, దాని మీద ఇన్‌స్పెక్టరు చేత సంతకం చేయించి గోడకు తగిలిస్తాం. దాన్ని సాక్షి ముక్క అంటాం. తగాదా వస్తేనే దాన్ని తీస్తారు. లైన్‌మన్ పడ్డాక ఇన్‌స్పెక్టరు గారు దాని కోసమే వచ్చారు. మేకు ఉంది, సంచీ లేదు. గది శుభ్రం చేసినప్పుడు పోయిందని జనరల్ మేనేజరు గారు చాలా బాధపడ్డారు. ఆ బాధలో ఆయన మొహం తేటపడటం నేను చూశాను.

మేడమ్ జబ్బుపడ్డారు. ఆమె ఇనుములాగే పోయారు, నెలనెలా సన్నబడుతూ, పోతున్నానని చెబుతూ. ఆ మధ్యలో ఒక ఆదివారం నన్ను పిలిపించి బీరువా తీయమన్నారు. పట్టుచీర మడతలో సీలు చెదరని సంచీ ఉంది.

"మేడమ్! ఇది మీ దగ్గరికెలా వచ్చింది?"

"ఆ మనిషి కప్పిన శాలువాలోనే చుట్టి తెచ్చినా. గేటుకాడ నాకు దండం పెట్టి మరీ పంపించిరి" అని నవ్వి, నవ్వు దగ్గులోకి తిరిగితే కాసేపు ఆగారు.

"ఇన్నాళ్ళూ ఎందుకు దాచారు? వేరే ల్యాబులో లాగిద్దాం, రేపే పోదాం."

"ఇల్లమ్మా, వద్దు. వేరే ఆడ లాగితే ఆ మెషీను తప్పంటాడు. అదే మెషీను, అదే డయలు, ఇన్‌స్పెక్టరు ముందర లాగాల. నేను బతికుంటే వాడు ఒప్పుకోడు. పోతే దండ పట్టుకోని వస్తాడు, మైకు కూడా పట్టుకుంటాడు. సంతాపసభ మెషీను ముందర్నే పెట్టమను. అందరూ వచ్చినాక, అప్పురం లాగు." నా చెయ్యి పట్టుకున్నారు. వేళ్ళలో బలం లేదు గానీ పట్టు ఉంది. "నిమ్మళంగా లాగు మే. వాడు నిలబడి చూడాల."

తన చావును ఎరగా వేసిన మనిషిని నేను ఇంకొకరిని చూడలేదు. ఆమెది చల్లని మనసని ఎవరైనా రాస్తే నమ్మకండి. ఆమెది మంచి మనసు. చల్లనిది కాదు.

సభ ఆమె చెప్పిన చోటే పెట్టించాను. పాత మెషీన్ వాల్వు తిప్పడం తెలిసిన చెయ్యి నాది తప్ప మిగలలేదు కాబట్టి అప్పటికి నన్ను షెడ్డు నుంచి వెనక్కి తెచ్చుకున్నారు. ఫోటో మెషీన్ పక్కన స్టూలు మీద, ఆమె స్టూలు మీదే పెట్టాం. ఇన్‌స్పెక్టరు గారు ముందు వరసలో కూర్చున్నారు. లైన్‌మన్‌ను కూడా నేనే పిలిచాను. చేతికర్రతో వచ్చి వెనక కుర్చీలో కూర్చున్నాడు. జనరల్ మేనేజరు గారు పెద్ద గులాబీదండతో వచ్చి, ఫోటోకు వేసి, మైకు తీసుకున్నారు. ఆమె తనకు తల్లిలాంటిదన్నారు. ఆఖరి రోజుల్లో చూపు సహకరించకపోయినా పాపం పనిమీద ప్రేమ చావలేదన్నారు. ఆమె చచ్చినా ఆయన ఆ పాపాన్ని వదల్లేదు.

రెండు నిమిషాలు మౌనం పాటిద్దామని ఆయన అనబోతుండగా నేను లేచాను.

"సార్, మేడమ్‌కు మౌనం కంటే ఈ మెషీన్ చప్పుడే ఇష్టం. ఆమె పేరున ఒక ముక్క లాగుదాం."

"చాలా మంచి ఆలోచనమ్మా" అన్నారు మైకులోనే. అందరూ విన్నారు.

నేను సంచీ తీసి తిన్నగా ఇన్‌స్పెక్టరు గారి చేతిలో పెట్టాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని సీలు చూశారు, తన సంతకం చూసుకున్నారు, ఏ సరుకుదో చదివారు. తల పైకెత్తి నేరుగా జనరల్ మేనేజరు గారి వైపు చూశారు.

"ఇదెక్కడ దొరికింది?" అన్నారు జనరల్ మేనేజరు గారు, మైకు కిందికి దించి.

"మీరు కప్పిన శాలువాలో వచ్చింది సార్."

"ఇది సమయం కాదమ్మా. ఆమె ఆత్మకు..."

ఇన్‌స్పెక్టరు గారు తమిళంలో ఒక్క మాటన్నారు, లాగండి అని.

ఆయనే సీలు తెంచి ముక్క నా చేతికిచ్చారు. దవడలు బిగించాను. వాల్వు మీద చెయ్యి వేసి, మేడమ్ నేర్పినట్టు, తిప్పానో లేదో తెలియనంతగా తిప్పాను. ముల్లు కదలడం మొదలుపెట్టింది. ఎంత నెమ్మదిగా అంటే, వెనకవాళ్ళు లేచి దగ్గరికొచ్చి, అది కదులుతోందా అని తొంగి చూశారు. జనరల్ మేనేజరు గారు కర్చీఫ్‌తో మెడ తుడుచుకున్నారు.

"కొంచెం వేగంగా కానివ్వమ్మా, అందరికీ పనులుంటాయి."

"వేగంగా ఎలా తిప్పాలో మీరు ఒకసారి చూపించారు సార్. నేను మాత్రం మేడమ్ దగ్గర నేర్చుకున్నాను."

నా జీవితంలో నేనన్న మాటల్లో నాకు బాగా నచ్చిన మాట అదే. ఇప్పటికీ ఒక్కోసారి వంట చేస్తూ నాలో నేను అనుకుంటాను.

ముక్కలో పీచులు ఒక్కొక్కటిగా తెగుతుంటే చిట్ చిట్ మని వినబడింది. ఉండాల్సిన గీత ఇంకా చాలా పైన ఉండగానే, పెళ్ళుమంది. నల్లముల్లు సున్నాకు పడిపోయింది. ఎర్రముల్లు, ఆరోజు మేడమ్ రాసి సంతకం పెట్టిన నంబరుకు వెంట్రుకవాసి అటూ ఇటూగా నిలబడింది.

జనరల్ మేనేజరు గారు, "ఏదీ చూడనివ్వు" అంటూ ముందుకొచ్చి విరిగిన రెండు ముక్కలూ తీసి కలపబోయారు. ఆయన చేతిమీద టప్పుమని ఒక దెబ్బ పడింది. ఇన్‌స్పెక్టరు గారిది. తెలుగు రాని ఆ మనిషి, ఆమె దగ్గర దెబ్బలు తిని నేర్చుకున్న ఒకే ఒక్క తెలుగు వాక్యం అన్నారు.

"విరిగినాక మొహాలు కలపగూడదు."

ఆ ముక్కలు సీలు వేసి ఆయనే తీసుకుపోయారు. ఆ నిచ్చెనలన్నీ దించేశారు. లైన్‌మన్ తప్పేమీ లేదని అతని ఆఫీసు ఒప్పుకుంది. జనరల్ మేనేజరు గారు సెలవులో ఉన్నారు, తిరిగి వస్తారని ఎవరూ అనుకోవడం లేదు. ఆయనకు నిద్ర పట్టడం లేదని తెలిసింది. విన్న రోజు నేను రెండు ఇడ్లీలు ఎక్కువ తిన్నాను. నా కోపం చల్లారిందా అంటే లేదు. మేడమ్ అది చూడకుండా పోయారు. దానికి ఎవరిని లాగితే సరిపోతుందో నాకు తెలియదు.

ఆ సభ రోజు అందరూ వెళ్ళిపోయాక లైన్‌మన్ కర్ర ఊతంతో డయలు దాకా నడిచి వచ్చాడు. చాలాసేపు దాన్నే చూశాడు.

"ఇదేనామ్మా ఆ యమ్మ చెప్పిన నంబరు?"

"ఆమా" అన్నాను, అవునని. నా నోటికి ఆమె మాటే వచ్చింది.

అతను అద్దం మీద వేలు ఆనించి, ఎర్రముల్లు ఉన్న చోట కాసేపు ఉంచి, వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఆ మెషీన్ మీద ఎవరం పని చేయలేదు. వచ్చిన పనంతా కొత్తవాటి మీద కానిచ్చేస్తున్నాం. ఊడ్చే ఆమె పొద్దున్నే వచ్చి డయలు అద్దం తడిగుడ్డతో తుడిచి పోతుంది. నల్లముల్లు సున్నా దగ్గర పడి ఉంటుంది. ఎర్రముల్లును ఇంతవరకూ ఎవరూ వెనక్కి తిప్పలేదు.